కోటిరత్నం చెయ్యి పడితే

పర్చూరు వాగు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో కోటిరత్నం పేరెత్తితే జనం రెండు మాటలు చెబుతారు. ఆవిడ చేతి చేపల పులుసులో నీచు వాసన మచ్చుకైనా ఉండదని ఒకటి. ఆవిడంత కుళ్ళుబోతు మనిషి ఈ చుట్టుపక్కల పుట్టలేదని రెండోది. రెండూ నిజమే. పక్కింటి మదార్‌బీ గేదె ఒక చెంబు పాలు ఎక్కువిచ్చిన పూట కోటిరత్నానికి అన్నం సయించేది కాదు. ఎదురింటివాళ్ళ మిరపకాయలు తన కాయలకంటే ఎర్రగా ఎండితే, ఎండకి కూడా పక్షపాతమే అని దెప్పేది. మొగుడు అంకయ్య వీధిలో ఏ ఆడమనిషితోనైనా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాడా, ఆ పూట ఇంట్లో గిన్నెలు మాట్లాడేవి.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు గానీ, ఆ కుళ్ళు వెనకాల ఉన్న భయం ఎవరికీ పట్టలేదు. పెళ్ళై పదిహేనేళ్ళు దాటినా కోటిరత్నానికి కడుపు పండలేదు. గుంటూరు డాక్టర్లకి చూపించుకున్నారు. పెదకాకాని గుళ్ళో తలనీలాలిచ్చారు. ఏదీ కలిసిరాలేదు. దర్శిలో ఉన్న ఆడపడుచు వచ్చినప్పుడల్లా తమ్ముణ్ణి అరుగు మీదికి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడేది. ఇంకో పిల్లని చేసుకోమని చెబుతోందని కోటిరత్నానికి తెలుసు. అంకయ్య ఎప్పుడూ ఊఁ అనలేదు. అట్టాగని అక్క నోరు మూయించనూ లేదు. ఆ రెంటికీ మధ్యనున్న సందులోనే కోటిరత్నం ఇన్నేళ్ళూ కాపురం చేసింది. మొగుడు ఎవరివంక చూసినా, ఆ చూపు తన వాటాలోంచి పోయినట్టే ఉండేది ఆవిడకి.

అంకయ్య మంచివాడే, కాకపోతే మాట మహా పొదుపు. మిరపకోతలప్పుడు కూలికి పోయేవాడు, మిగతా కాలం వాగులో వల విసిరేవాడు. పొద్దున్నే తడి వల గోడమీద ఆరేసి, చేపల బుట్ట పెళ్ళాం ముందు పెట్టి, చుట్ట ముట్టించుకుని అరుగెక్కేవాడు. కోటిరత్నం కత్తిపీట ముందు కూర్చుని పొలుసు గీకి, పొట్ట చీల్చి, పేగులు లాగి పిల్లికి పడేసేది. ఆ తర్వాత బూడిదతో, కల్లుప్పుతో, పసుపుతో రుద్ది రుద్ది కడిగేది. ఇన్నేళ్ళలో అంకయ్య ఆ పేగులవంక చూసింది లేదు. వాటిని లాగే చేతివంకా చూసింది లేదు.

అట్టాంటి ఇంటికి, రెండువేల మూడులో, చలికాలం వెళ్ళిపోతుండగా షారోన్ వచ్చింది.

బాపట్ల దగ్గర ఒక పంతులుగారి కూతురు షారోన్. పెదకాకాని దగ్గరున్న యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పర్చూరులో బస్సు దిగి, ఆటో ఎక్కి, భుజాన సంచీ, చేతిలో థర్మాకోల్ డబ్బాతో నేరుగా అంకయ్య అరుగు ముందుకొచ్చి నిలబడింది.

"అంకయ్యగారంటే మీరేనాండీ? వాగు చేపలు మీ దగ్గరే దొరుకుతాయని చెప్పారు."

గారు! అంకయ్యని పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక్కరూ గారు అనలేదు. చుట్ట దానంతటదే నోట్లోంచి చేతిలోకి దిగింది.

"చెరువుల్లో తౌడు వేసి పెంచినవి వద్దండీ. వాగులో తమంతట తాము బతికే చేపలు కావాలి, ప్రాణంతో కావాలి. నాకు పనల్లా వాటి పేగులతోనే" అంది షారోన్.

గుమ్మంలో నిలబడి వింటున్న కోటిరత్నానికి నవ్వాగలేదు. "పేగులేం చేసుకుంటావు తల్లీ, మీ ఇంట్లో పిల్లులెక్కువా?"

షారోన్ కూడా నవ్వింది. అరుగు మీద కూర్చుని చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. చేప పేగుల్లో కంటికి కనపడని జీవాలు కోట్లకొద్దీ కాపురముంటాయట. చేప తిన్న నాచునీ చెత్తనీ అరిగించటంలో వాటికీ చెయ్యి ఉందట. చుట్టూ పత్తిచేలూ మిరపచేలే గదా, చేలమీద కొట్టిన మందు వానకి వాగులోకి దిగుతోంది, అయినా కొన్ని చేపలు బతికే ఉన్నాయి. లోపలున్న ఆ జీవాలు వాటికేమన్నా సాయం చేస్తున్నాయా అన్నది తను చూడాలట.

"మట్టగిడస అంత తేలిగ్గా చావదు మేడమ్" అన్నాడు అంకయ్య ఉన్నట్టుండి. "వాగెండితే బురదలోకి దిగి పడుకుంటది. పైన పెచ్చులూడుతున్నా కింద ఊపిరి తీస్తానే ఉంటది. చిన్నప్పుడు మా నాయన పారతో తవ్వి చూపించాడు, ప్రాణంతో ఉంది!"

కోటిరత్నం నవ్వు అక్కడే ఆగిపోయింది. మట్టగిడస బురదలో పడుకుంటుందని గానీ, మామగారు పారతో తవ్వాడని గానీ అంకయ్య తనకి ఏనాడూ చెప్పలేదు. ఒక వానాకాలమంతా తనతో మాట్లాడే మాటలు ఆ కాసేపట్లో ఆ పిల్లకి చెప్పేశాడు. పైగా వెళ్ళబోతూ ఆ పిల్ల ఏమంది? "వస్తానండీ అంకయ్యగారూ. వస్తానమ్మా." మొగుడికి గారు, తనకి అమ్మ. ఉన్న వయసుకి ఇంకో ఇరవయ్యేళ్ళు కలిపి పోయింది! కన్న బిడ్డ పిలవాల్సిన పిలుపు, ఎవరో పిల్ల ఆటో ఎక్కుతూ విసిరేసి పోయింది.

అప్పట్నుంచి షారోన్ రాక మామూలైంది. ఆ పిల్ల వచ్చే రోజు అంకయ్య గడ్డం గీసుకునేవాడు, ఉతికిన చొక్కా తొడిగేవాడు. చేపల్ని వాగునీళ్ళతోనే బానలో పోసి, పైన తడిగుడ్డ కప్పేవాడు. కోటిరత్నం తొంగిచూడబోతే కసిరేవాడు.

"చెయ్యి పెట్టమాక! నీ చేతికి ఉప్పూ కారం ఉంటయ్. లోపలియ్యి చస్తయ్యంట, మేడమ్ చెప్పింది."

అన్నం తింటూ కూడా అదే గోల. "రత్నం, మన మట్టగిడస పొట్టలో ఒక ఊరుందంట తెలుసా?"

"ఆ ఊరిని ఇన్నేళ్ళూ పిల్లికి పెట్టింది నేనే" అనేది కోటిరత్నం కంచంలో చారు ధబాల్న పోసి.

పక్కింటి మదార్‌బీ కంచె మీదుగా నిప్పులో ఉప్పు వేస్తూనే ఉండేది. "ఏందక్కా, మీ ఆయన మొహం అట్టా వెలిగిపోతంది! మా సిలార్‌ని ఊళ్ళో కుక్క కూడా పలకరించదు." లోపల్నుంచి సిలార్ అరిచేవాడు, "కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అని. పాపం, అతనికేం తెలుసు, ఇక్కడ కందకీ దురదే.

అంకయ్య మనసు ఆ పిల్ల మీదికి పోయిందని కోటిరత్నం అనుకోలేదు, అంత తెలివితక్కువది కాదు. షారోన్ అతనికి కూతురి వయసు పిల్ల. ఆవిడ మంట వేరు. చేపలెప్పుడూ ఉన్నాయి, పేగులెప్పుడూ ఉన్నాయి, వాటిని లాగే తనూ ఎప్పుడూ ఉంది. ఎవరో వచ్చి అడిగేసరికి చేప బంగారమైంది, పేగు బంగారమైంది. తను మాత్రం ఉప్పూ కారం అంటుకున్న చెయ్యిగా మిగిలింది.

ఎండలు ముదిరి వాగు అడుగంటింది. మడుగుల్లో మిగిలిన నీళ్ళలో నాలుగు చేపలు కొట్టుకుంటున్నాయి. వచ్చే వారం దొరికేవే ఈ ఏటికి ఆఖరనీ, అవి గనక పోతే మళ్ళీ వానలు పడి వాగు పారేదాకా తన పని ఆగిపోతుందనీ షారోన్ మరీ మరీ చెప్పి వెళ్ళింది. సరిగ్గా ఆ వారంలోనే దర్శిలో ఆడపడుచు కూతురికి ఓణీల వేడుక వచ్చింది.

కోటిరత్నం పెట్టె తీసి పట్టుచీర బయటపెట్టింది. అంకయ్య చేపల బాన మీద గుడ్డ సర్దుతూ, అటే తిరిగి అన్నాడు.

"నువ్వుండవే. రేపు పొద్దున మేడమ్ వస్తది. చేపల్ని ఎవరు చూస్తారు?"

"మేనమామ పెళ్ళాన్ని నేను. నేను లేకండా ఓణీ ఎట్టా ఇస్తారు?"

"అక్కే అంది..." అని అంకయ్య నాలిక్కరుచుకున్నాడు.

చెప్పక్కర్లేదు. శుభకార్యంలో పిల్లల్లేనిదాని చెయ్యి ముందు పడటం ఆడపడుచుకి ఇష్టం లేదు. ఆ మాట నోటితో చెప్పలేక మొగుడు చేపల్ని అడ్డం పెట్టుకున్నాడు. లేదంటే చేపలే ముఖ్యమై, అక్క మాటని అడ్డం పెట్టుకున్నాడేమో! ఏది నిజమైనా తనకి దక్కింది బాన కాపలా. కోటిరత్నం చీర మళ్ళీ మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది.

తెల్లవారింది. రాత్రి దర్శిలోనే ఉండిపోయిన అంకయ్య తొలిబస్సుకి బయల్దేరి వస్తానన్నాడు గానీ ఇంకా రాలేదు. షారోనూ రాలేదు. కోటిరత్నం బాన ముందు కూర్చుని గుడ్డ తీసి చూసింది. నాలుగు మట్టగిడసలు, నల్లగా, కళ్ళు మిటకరించుకుంటూ. వాటివంక చూస్తుంటే ఆవిడకో ఆలోచన తోచింది. ఆ పిల్లకి కావలసింది పేగులే గదా. చేపనీ పేగునీ తనకంటే బాగా విడదీసే చెయ్యి ఈ ఊళ్ళో ఎవరిదుంది? చేసి చూపిస్తే ఆ పిల్ల నోరెళ్ళబెట్టి, "అబ్బ, ఇంత శుభ్రంగానా!" అంటుంది. ఇక అంకయ్యతో పనేముంది, వచ్చినప్పుడల్లా "కోటిరత్నంగారూ" అంటూ తన కత్తిపీట ముందే కూర్చుంటుంది. అప్పుడు అరుగు మీద ఒంటరిగా చుట్ట కాల్చుకోమను అంకయ్యని.

లేచి కొంగు బిగించింది. పొట్టలు చీల్చి, పేగులు ఎక్కడా తెగకుండా లాగింది. ఉత్తగా ఇస్తే తన గొప్పేముంటుంది? పండక్కి మేక బోటీ శుభ్రం చేసినట్టే, పుల్లతో తిరగేసి, లోపలున్న మురికంతా వేడినీళ్ళతో వదలగొట్టింది. కల్లుప్పు వేసి పిసికింది. పసుపు రాసి కాసేపుంచింది. మూడు నీళ్ళు కడిగి, వాసన చూసి, తృప్తిపడి, పెళ్ళిలో తనకి పెట్టిన స్టీలు గిన్నెలో సర్ది మూత పెట్టింది. అంత శ్రద్ధగా ఆవిడ ఏ చుట్టానికీ కూర వండలేదు.

షారోన్ రాగానే గిన్నె తెచ్చి చేతికిచ్చింది. "చూడు తల్లీ, మచ్చుకైనా నీచు ఉందేమో చూడు!"

షారోన్ మూత తీసింది. పసుప్పచ్చగా మెరుస్తున్న పేగులు చూసి, ఇంకా అర్థం కానట్టు బానలోకి తొంగి చూసింది. ఖాళీ.

"అమ్మా... వీటిని కడిగారా?"

"ఒకసారి కాదు, మూడు నీళ్ళు!"

ఆ పిల్ల గిన్నె ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు కనపడకుండా తల వంచుకుంది. "నాకు కావలసింది ఆ మురికేనమ్మా" అంది. "కడిగితే ఇంకేం ఉంటాయి, అన్నీ పోయుంటాయి." ఏడిపించాలని కోటిరత్నం ఆ పని చేయలేదు. మెప్పు కోసం చేసింది. అదే చెప్పబోయింది.

సరిగ్గా అప్పుడే అంకయ్య మిఠాయి పొట్లంతో ఆటో దిగాడు. ఒంటిమీద వేడుకింటి గంధం వాసన ఇంకా పోలేదు. బాన చూశాడు, గిన్నె చూశాడు, షారోన్ మొహం చూశాడు. పొట్లం నేలకేసి కొట్టాడు.

"ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానే! నీ చెయ్యి పడితే ఏదీ బతకదే! ఏదీ బతకదు!"

మదార్‌బీ కంచె దగ్గరికొచ్చి, ఆ మాట చెవిన పడగానే వెనక్కి వెళ్ళిపోయింది. పదిహేనేళ్ళుగా ఆడపడుచు అన్నది, వీధి అన్నది, గుళ్ళో ముసలమ్మలు అన్నది. ఒక్క అంకయ్యే అనలేదు. ఆ ఒక్కటీ చూసుకునే కోటిరత్నం ఇన్నాళ్ళూ తలెత్తుకు తిరిగింది. ఇప్పుడది కూడా పోయింది, అదీ ఆ పిల్ల ఎదుట పోయింది. ఆవిడ ఏడవలేదు. గోడకి ఆనుకుని, పసుపంటిన చేతులు కొంగులో దాచుకుంది.

షారోన్ లేచి కళ్ళు తుడుచుకుని, గిన్నెలోని పేగుల్ని డబ్బాలో వేసుకుంది. సంచీలోంచి మూతలున్న బుల్లి గాజు పళ్ళేలు రెండు తీసింది. లోపల జున్నులాగా ఏదో పేరుకుని ఉంది. "ఎలాగూ తెచ్చాను గదా. చేపల్ని పట్టుకున్నవాళ్ళ చేతులమీద ఏముంటాయో కూడా నాకు తెలియాలి. ఇద్దరూ వేళ్ళు ఇందులో ఒకసారి అద్దండి" అంది. అంకయ్య చెయ్యి తుడుచుకుని అద్దాడు. కోటిరత్నం మాత్రం వెనక్కి జరిగింది. వేలిముద్ర తీసుకుంటోందంటే కేసు పెడుతోందన్నమాటే అనుకుంది. పెడితే పెట్టనీ, ఇంతకంటే ఏం చేస్తారు అనుకుని, గోళ్ళలో ఇంకా చేప నలుసులున్న వేళ్ళు ఐదూ ఆ పళ్ళెంలో ఆనించింది.

తర్వాత ఆ ఇంట్లో మాటల్లేవు. అంకయ్య అన్నమాట అంకయ్యకే గొంతులో ముల్లై కూర్చుంది. కక్కనూ లేడు, మింగనూ లేడు. పొయ్యిలోకి పుల్లలు విరిచి పెట్టేవాడు, అడక్కుండానే నీళ్ళు మోసేవాడు. కోటిరత్నం కుళ్ళుకోవటం కూడా మానేసింది. ఎదురింటి మిరపకాయలు ఎంత ఎర్రగా ఎండినా అటు చూడలేదు. మదార్‌బీకి అది చూసి నిజంగా భయమేసింది. గేదె పాలు ఎక్కువిచ్చిందని కావాలని గట్టిగా చెప్పినా కోటిరత్నం తలెత్తలేదు. పోలీసులు ఎప్పుడొస్తారా అని మాత్రం వీధి మలుపు వంక చూసేది.

పోలీసులు రాలేదు. ఒక సాయంత్రం షారోన్ వచ్చింది. థర్మాకోల్ డబ్బాలోంచి టేపు చుట్టిన పళ్ళేలు తీసి అరుగు మీద పెట్టి, "తెరవకూడదు, పైనుంచే చూడండి" అంది. అంకయ్య దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోటిరత్నం గుమ్మం దాటలేదు.

"ఇది మీరు కడిగిచ్చిన పేగులదమ్మా." పళ్ళెం ఖాళీగా, జున్ను పెట్టినట్టే ఉంది. "ఇది అంకయ్యగారి చెయ్యి." అక్కడక్కడా ఆవగింజలంత చుక్కలు నాలుగైదు. "ఇది మీది."

మూడో పళ్ళెంలో చోటే లేదు. తెల్లవి, మీగడరంగువి, పసుప్పచ్చవి, చిన్నవీ పెద్దవీ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుంపులు గుంపులుగా పెరిగి ఉన్నాయి. ఐదు వేళ్ళు ఆనించిన చోటు తెలుస్తూనే ఉంది.

కోటిరత్నం గుమ్మం దాటి వచ్చి వంగి చూసింది.

"ఇయ్యి... బతికే ఉన్నాయా?"

"బతికే ఉన్నాయి. ఒక్కో చుక్కా ఒక్కో గుంపు."

"నావేనా?"

"మీ చేతివేనండీ, కోటిరత్నంగారూ. ముందు తీసుకెళ్ళిన చేపల్లో కనపడ్డవాటిలాంటివే కొన్ని ఇందులోనూ ఉన్నట్టున్నాయి. గట్టిగా చెప్పాలంటే ఇంకా చూడాలనుకోండి. అయినా ఇది మెచ్చుకోవలసిన సంగతేం కాదు, చేపలు కోశాక సబ్బుతో బాగా కడుక్కోండి" అంది షారోన్. మళ్ళీ వాగు పారాక వస్తాననీ, అప్పుడు చేపల్ని ఆవిడ దగ్గరే ఉంచుతాననీ, కాకపోతే ప్రాణంతోనే ఉంచాలనీ నవ్వుతూ చెప్పింది.

అంకయ్య మెల్లగా దగ్గరికొచ్చాడు. తన పళ్ళెంవంకా పెళ్ళాం పళ్ళెంవంకా మార్చి మార్చి చూశాడు.

"మరి నాదాంట్లో ఇంతేనా మేడమ్? వాగులో దిగి పట్టింది నేను గదా!"

ఆ గొంతు వినగానే కోటిరత్నం చటుక్కున తలెత్తింది. ఇన్నేళ్ళూ తన గొంతులో పలికిందే అది. కుళ్ళు! అచ్చమైన కుళ్ళు! పొద్దున్నుంచీ ఏమీ తినని మనిషికి ఆకలేసినట్టయింది.

"ఎన్నేళ్ళు కూర్చున్నావయ్యా కత్తిపీట ముందు, నీకు రావటానికి?" అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ మొగుడితో అన్న మొదటి మాట అదే.

షారోన్ పళ్ళేలు డబ్బాలో సర్దబోతూ, వీటిని తీసుకెళ్ళి ఉడకబెట్టి పారేయాలి అంది. "చంపేస్తావా?" అంది కోటిరత్నం. అదే పద్ధతి, ఎక్కడపడితే అక్కడ వదలకూడదు అంది ఆ పిల్ల. కోటిరత్నం ఒప్పుకుంది. ఆటో వచ్చేదాకా మాత్రం తన చేతి పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంకయ్య పక్కనే కూర్చుని, తన పళ్ళెంవంక కాకుండా ఆవిడ ఒళ్ళోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఆ మాట నేను అనాల్సింది కాదు రత్నం" అన్నాడు.

ఆటో వెళ్ళిపోయాక అంకయ్య కొట్టుకి పోయి ఎర్ర సబ్బు కొనుక్కొచ్చాడు. కోటిరత్నం దాన్ని అందుకుని, వాసన చూసి, గూట్లో పెట్టేసింది.

"మేడమ్ కడుక్కోమంది గదే. అన్నం ఎట్టా తింటావు?"

"రేపు కడుక్కుంటా. ఈ పూటకి ఉండనీ" అంది చేతులు చూసుకుంటూ.

అంకయ్య అదే సబ్బు తీసుకుని తన చేతులు మోచేతులదాకా కడుక్కున్నాడు. కంచంలో అన్నం కలుపుకొచ్చి అరుగు మీద కూర్చుని, ముద్ద చేసి పెళ్ళాం నోటికందించాడు. కోటిరత్నం అరచేతులు రెండూ ఒళ్ళో పైకి తిప్పి పెట్టుకుని తింది.

కంచె అవతల మదార్‌బీ పాలచెంబుతో ఆగిపోయింది. చూసినంతసేపు చూసి, గిరుక్కున తిరిగి, "ఒకసారి ఇట్టా వచ్చి చూడు!" అని సిలార్ మీద అరిచింది. ఆ పూట వాళ్ళింట్లో గిన్నెలు మాట్లాడాయి.